నాలుగో కాలి అడుగున

సముద్రం మీద ఉద్యోగం అనగానే అందరూ అలలూ సూర్యోదయాలూ ఊహించుకుంటారు. నిజానికి నాది కుర్చీలో కూర్చుని నీళ్ళు అటూ ఇటూ సర్దే పని. మా ప్లాట్‌ఫాం లోతు సముద్రం మీద తేలుతూ ఉంటుంది, దాని కాళ్ళు అడుగుకి తగలవు. గొలుసులతో కట్టేసిన పెద్ద నవారు మంచం అనుకోండి. నాలుగు కాళ్ళు, ఒక్కో కాలూ ఓ మేడంత ఎత్తు, లోపలంతా డొల్ల. కాళ్ళ అడుగున నీటి ట్యాంకులు. ఒక మూల బరువెక్కితే దాని ఎదురుమూల ట్యాంకులోకి సముద్రపు నీళ్ళు వదలాలి, తేలికైతే తోడెయ్యాలి. మంచం మీద చమురు తోడే యంత్రాలు, వంటిల్లు, పడక గదులు, వందకి పైగా మనుషులు. ఇదంతా ఒరక్కుండా చూసుకోవడం నా బాధ్యత. మా ఆయన చుట్టాలకి నన్ను పరిచయం చేసేటప్పుడు "మా ఆవిడ సముద్రానికి నీళ్ళు పోస్తుంది" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఏం చేస్తాం.

మా మరిదిదీ ఇక్కడే ఉద్యోగం. ట్యాంకుల్లోకి దిగి తుప్పూ పగుళ్ళూ చూసే తనిఖీ పని. వేయించింది నేనే. నేను కాపురానికి వచ్చేసరికి వాడికి పాలపళ్ళు ఊడుతున్నాయి. తల్లి లేని పిల్లాడు. చీకటంటే చచ్చేంత భయం. పెరట్లో బాత్రూంకి వెళ్తే నేను తలుపు బయట కాపలా ఉండాలి. లోపల్నుంచి మాటిమాటికీ "వదినా, ఉన్నావా?" అనేవాడు. "ఉన్నాను" అనాలి. కాస్త ఆలస్యమైతే చాలు, సగం పని మధ్యలో ఏడుస్తూ బయటికి పరుగు. అలాంటివాడు పెద్దయ్యాక చీకటి ట్యాంకుల్లో దూరే పని ఎందుకు కోరుకున్నాడో నాకు అంతుపట్టలేదు. నా దగ్గర ఉండొచ్చని కాబోలు. ప్లాట్‌ఫాం మీద అందరూ వాడిని మరిదిగారనే పిలుస్తారు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ట్యాంకులోకి మనిషి దిగే ముందు, ఆ ట్యాంకు వాల్వు తాళంచెవిని నా బల్ల మీది ఎర్ర పెట్టెలో పడేస్తాం. దిగే ప్రతి మనిషీ ఆ పెట్టెకి తన సొంత తాళం వేస్తాడు. దాని చెవి వాడి జేబులోనే ఉంటుంది. వాడు క్షేమంగా పైకొచ్చి తన చేత్తో తీసేదాకా పెట్టె తెరుచుకోదు, వాల్వు కదలదు, ట్యాంకులోకి చుక్క నీరు పోదు. ఎవరి తాళమైనా మిగిలిపోతే కోసెయ్యడానికి ఒకే ఒక్క షరతు. ఆ మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని ముఖం చూడాలి. ఫోన్లో గొంతు వింటే చాలదు. పక్కవాడు చూశానన్నా చాలదు. మా పెద్దాయన, అంటే ప్లాట్‌ఫాం మొత్తానికి అధికారి, "మనిషిని చూశావా?" అని అడగాలి. "చూశాను" అని నేను చెప్పాలి. అప్పుడే కట్టరు బయటికొస్తుంది.

ఆ పొద్దున కూడా వాడు నా బల్ల దగ్గరికొచ్చి తాళం వేశాడు. వాడితో దిగే వెల్డరు తన తాళం వేశాడు.

"పైకి రాగానే ముందిక్కడికి రా. తాళం తీశాకే టీ" అన్నాను.

"వదినా, నువ్వు అత్తగారివై ఉంటే నా పెళ్ళాం మొదటిరోజే పుట్టింటికి పారిపోయేది."

"ముందు నీకు పిల్లనిచ్చేవాళ్ళు దొరకనీ."

వెల్డరు పకపకా నవ్వాడు. ఇద్దరూ నాలుగో కాలి లిఫ్టు వైపు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండో కాలిలో, పంపుల గదిలో, సముద్రపు నీటి పైపు పగిలింది. నాకు ముందు తెలిసింది బల్ల మీది పెన్ను వల్ల. దానంతటదే దొర్లుకుంటూ పోయి కింద పడింది. ఆ తర్వాతే అలారం. తెర మీద రసమట్టం బుడగ మెల్లగా పక్కకి జరుగుతోంది. రెండో మూల కిందికి దిగుతోంది. సరిచెయ్యాలంటే దాని ఎదురుమూలన నాలుగో కాలి ట్యాంకులు నింపాలి. అక్కడున్నవన్నీ అప్పటికే నిండుగా ఉన్నాయి. ఒక్కటే ఖాళీ. మావాడు దిగిన ట్యాంకు.

కింద ఉన్నవాళ్ళందరూ పైకి రావాలని మైకులో చెప్పాను. ముందు వెల్డరు వచ్చాడు. రొప్పుతూ తాళం తీసుకుని, "లిఫ్టులో ఒక్కడికే చోటు మేడం, నన్ను ముందు పొమ్మన్నాడు. నా వెనకే వస్తాడు" అని లైఫ్‌బోట్ల వైపు పరిగెత్తాడు. ఆ తర్వాత ఒరగడం ఎక్కువై లిఫ్టు ఆగిపోయింది.

ట్యాంకు మూత పక్కన ఎప్పుడూ ఒక కాపలా మనిషి ఉంటాడు. లోపల మనిషి ఉన్నంతసేపూ అతను అక్కణ్ణుంచి కదలకూడదు. అతను ఫోన్ చేశాడు.

"ఇద్దరూ బయటికొచ్చేశారు మేడం. మరిదిగారు నిచ్చెన ఎక్కుతున్నాడు. లోపల టార్చి వేసి చూశాను, ఎవరూ లేరు. మూత బిగించేస్తున్నా."

"వాడి ముఖం చూశావా?"

"హెల్మెట్ చూశాను. ఇక్కడ లైట్లు పోయాయి కదా..."

మూత బిగించి అతను కూడా నిచ్చెన పట్టుకున్నాడు. పెట్టె మీద ఒక్క తాళం వేలాడుతోంది. ప్లాట్‌ఫాం ఒరిగిన కొద్దీ అదీ పక్కకి వాలుతోంది. వంటింట్లోంచి గిన్నెలు జారిపడుతున్న చప్పుడు. డెక్ మీద కట్టేసిన ఇనప పైపులు కిర్రుమంటున్నాయి. ఆ కట్లు తెగితే చెప్పడానికి ఎవరూ మిగలరు.

అప్పుడు నా బల్ల మీది ఫోన్ మోగింది.

"వచ్చేశాను" అంది వాడి గొంతు. "తాళం కొయ్యి."

"ఎక్కడున్నావురా?"

"వచ్చేశాను. కొయ్యి."

నెమ్మదిగా, ఆయాసం లేకుండా మాట్లాడాడు. అంత పొడుగు నిచ్చెన ఎక్కుతున్నవాడికి ఆయాసం ఉండదా అని అప్పుడు తట్టలేదు. తట్టినా పట్టించుకునేదాన్ని కాదేమో.

పెద్దాయన కట్టరు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. నన్ను కూతురిలా చూసే మనిషి. కానీ పద్ధతి పద్ధతే.

"అమ్మాయ్, మనిషిని చూశావా?"

"చూశాను" అన్నాను.

అబద్ధం. నా నోటి నుంచి అంత సులువుగా ఎలా వచ్చిందో నాకు తెలీదు. ఆయన నన్ను రెండోసారి అడగలేదు, నా మాట మీద అంత నమ్మకం. తాళం తెగి బల్ల మీద పడింది. పెట్టెలోంచి చెవి తీసి, బల్ల పక్కనే ఉన్న వాల్వు తిప్పాను.

ట్యాంకులోకి నీళ్ళు పోతుంటే అందులో ఉన్న గాలి బయటికి రావాలి కదా. దానికోసం ట్యాంకు నుంచి డెక్ దాకా ఒక గాలిగొట్టం ఉంటుంది. నాలుగో కాలి గొట్టాలు సరిగ్గా నా కంట్రోల్ రూం గుమ్మం పక్కనే ఉన్నాయి. ఏసీ గదిలో కూర్చుని డిజైన్ గీసిన మహానుభావుడెవరో మరి, పక్కన మనుషులుంటారన్న ఆలోచనే లేదు. గొట్టం బుస కొట్టడం మొదలుపెట్టింది. పాత పెయింటూ తుప్పూ బురదా కలిసిన వాసన గదంతా నిండింది. ఎప్పుడూ మూసి ఉంచే ట్రంకుపెట్టె తెరిస్తే వచ్చే వాసన లాంటిది. బుడగ ఆగింది. తర్వాత మెల్లగా మధ్యకి రావడం మొదలెట్టింది. పెద్దాయన చెమట తుడుచుకుని, "బతికించావమ్మా" అని డెక్ మీదికి పరుగెత్తాడు.

అప్పుడే వాడు వచ్చాడు.

గుమ్మంలో నిలబడ్డాడు. నా ప్రాణం లేచొచ్చింది. లేచి వెళ్ళి వాడి ముఖం రెండు చేతుల్తో పట్టుకున్నాను. ముఖం చల్లగా ఉంది. నుదుటి మీద చెమట చుక్క లేదు. "నీ కోసం అబద్ధమాడాను రా వెధవా" అన్నాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వాడూ నవ్వాడు. వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. చేతులు తొడల మీద పెట్టుకుని, బడిలో కొత్త పిల్లాడిలా బుద్ధిగా.

ట్యాంకు సగం నిండింది.

గొట్టం బుసలో ఏదో మాట వినిపించింది.

ముందు నా భ్రమ అనుకున్నాను. చెవులు రిక్కించాను. గాలి వస్తోంది... ఆగుతోంది... వస్తోంది. ఆ గాలితో పాటు, ఎక్కడో మేడంత లోతు నుంచి...

"వదినా... ఉన్నావా?"

నా చెయ్యి వాల్వు మీదే ఉంది.

"వదినా... ఉన్నావా?"

పక్కకి తిరిగాను. వాడు నన్నే చూస్తున్నాడు. కుర్చీలోనే ఉన్నాడు. మా మరిది. వాడి చెవి కింద పుట్టుమచ్చ, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి పగిలిన పంటి ముక్క, అన్నీ ఉన్నాయి.

"ఏంటది?" అని గుసగుసగా అడిగాను.

"గాలి" అన్నాడు.

వాల్వు మూసెయ్యొచ్చు. బుడగ ఇంకా పూర్తిగా మధ్యకి రాలేదు, కానీ కాసేపు ఆగితే మునిగిపోం. ఆ సంగతి నాకు తెలుసు. మూస్తే పెద్దాయన వచ్చి ఎందుకు మూశావని అడుగుతాడు. లోపల మనిషి ఉన్నాడేమో అనాలి. మరి చూశానన్నావు కదా అంటాడు. ఇదంతా నా బుర్రలో ఎంత గబగబా తిరిగిందో చెప్పలేను. ఎదురుగా మా మరిది ఉన్నాడు. ఉన్నవాడు ఉండగా లేనివాడి కోసం ఎవరు ఆపుతారు? అలా నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మూయలేదు.

గొట్టంలో పిలుపు చివరికి పిలుపులా లేదు. నీళ్ళు పుక్కిలిస్తున్న చప్పుడు. ఆ తర్వాత గాలి కూడా ఆగిపోయింది. ట్యాంకు నిండిందని తెర మీద పచ్చ దీపం వెలిగింది.

సాయంత్రానికి పైపు బాగుచేసి రెండో కాలిలో నీళ్ళు తోడేశారు. తలలు లెక్కపెట్టారు. ఒక్కరూ తగ్గలేదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. వంటాయన నా కోసం ప్రత్యేకంగా స్వీటు చేశాడు. మా ఆయన ఫోన్ చేసి తమ్ముడితో మాట్లాడాడు. తర్వాత నాతో, "వీడికి బుద్ధొచ్చినట్టుందే. అడిగినదానికే జవాబిస్తున్నాడు, వాగుడు లేదు" అని సంతోషించాడు. భోజనం దగ్గర నేను వాడినే చూస్తూ కూర్చున్నాను. పెట్టింది తిన్నాడు. అడిగితే మాట్లాడాడు. కానీ వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా నన్ను వదినా అనలేదు. ఆ పిలుపు లేకుండా వాడు పట్టుమని పది మాటలు మాట్లాడి ఎరగడు.

మర్నాడు ఎండ కాసింది. సముద్రం గాజుపలకలా ఉంది. ఆగిపోయిన తనిఖీ పూర్తి చెయ్యమని పెద్దాయన చెప్పాడు. నాలుగో కాలి ట్యాంకు తోడడం మొదలుపెట్టాను. తోడేటప్పుడు గొట్టం గాలిని లోపలికి పీలుస్తుంది. ఎన్నోసార్లు విన్న చప్పుడే. ఆ రోజు మాత్రం చాలాసేపు మునిగి పైకి తేలిన మనిషి తీసుకునే ఊపిరిలా వినిపించి, చెవులు మూసుకున్నాను.

"ఈసారి నేను దిగుతాను, నీటిమట్టం మీటరు చూడాలి" అని పెద్దాయనకి అబద్ధం చెప్పాను. అబద్ధాలు అలవాటవుతున్నాయి.

"నువ్వు కూడా రా" అన్నాను వాడితో.

"నేను రాను" అన్నాడు. "ఇక్కడ కూర్చుంటాను."

ట్యాంకులు చూడ్డమే వాడి ఉద్యోగం. రానన్నాడు. ఎర్రపెట్టెకి నా తాళం వేసి, లాగి చూసి, చెవి జేబులో పెట్టుకున్నాను. తాళం గట్టిగా పడిందని తెలిసినా ఇంకోసారి లాగి చూశాను. వాడు అదంతా చూస్తూ కూర్చున్నాడు.

నాలుగో కాలి అడుక్కి పగలూ రాత్రీ తేడా లేదు. పైన ఎండ ఎంత కాస్తేనేం, లిఫ్టు దిగిన కొద్దీ చలి, తడి, ఇనప వాసన. కాపలా మనిషి మూత విప్పి, మీటరుతో లోపలి గాలి బాగుందో లేదో చూసి, తల ఊపాడు. నేను తల మీది దీపం వెలిగించుకుని లోపలికి దిగాను.

మడమల లోతు నీళ్ళు. బురద. ట్యాంకు అంటే ఒకే గది కాదు. ఇనప గోడలు అడ్డంగా ఉంటాయి, ఒక్కో గోడకీ మనిషి వంగి దూరేంత కన్నం. ఒక గదిలోంచి ఇంకో గది, అందులోంచి ఇంకోటి. దీపం వెలుగు మొదటి కన్నం దాటి పోవడం లేదు. పైనుంచి చుక్కలు పడుతున్నాయి... టప్... టప్... నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది.

"ఒరేయ్..." అని మెల్లగా పిలిచాను. ఎవరిని పిలుస్తున్నానో నాకే తెలీదు. మావాడు పైన కుర్చీలో ఉన్నాడు కదా.

చుక్కలు ఆగిపోయాయి.

దూరంగా, ఎన్నో గోడల అవతల, నీళ్ళలో ఎవరో లేచి నిలబడ్డ చప్పుడు.

"వదినా... ఉన్నావా?"

"ఉన్నాను" అన్నాను. ఇన్నేళ్ళ అలవాటు. నోరు దానంతటదే అనేసింది.

అడుగులు. మెల్లగా, తడుముకుంటూ. ఒక గోడ దాటి... ఇంకో గోడ దాటి...

"వాడు వెళ్ళిపోయాడా?" అంది ఆ గొంతు గుసగుసగా. "నా ముందే మూతలోంచి దూరి వెళ్ళాడు. నాలాగే ఉన్నాడు వదినా. నేను అరిచాను... మూత వేసేశారు."

తల మీది దీపం ఆ కన్నం వైపు తిప్పాను.

"నేను రానా ఇప్పుడు?"

కన్నం అంచు మీద ఒక చెయ్యి పడింది. చాలాసేపు నీళ్ళలో నాని ముడతలు పడ్డ తెల్లటి చెయ్యి. బట్టలు ఉతికి ఉతికి నా చేతులు అలాగే అయితే చిన్నప్పుడు వాడు పట్టుకుని నవ్వేవాడు. ఇంకొక్క అడుగు ముందుకేసి ఉంటే ముఖం చూసేదాన్ని. ముఖం చూడడమే కదా పద్ధతి. ఒక్క అడుగు. నిన్న చెయ్యాల్సిన పని ఇవాళైనా చేసేదాన్ని.

నేను పరిగెత్తాను.

మోకాళ్ళు కొట్టుకుపోయాయి. బురదలో పడ్డాను, లేచాను. వెనక నుంచి అడుగుల చప్పుడు రాలేదు. పిలుపు కూడా రాలేదు. వాడు అక్కడే నిలబడి ఉంటాడు, నేను తిరిగొస్తానని. చిన్నప్పుడు కూడా అంతే, నేను "వస్తున్నా" అంటే నమ్మేవాడు. నేను మూతలోంచి బయటపడ్డాను. కాపలా మనిషి నన్ను చూసి బెదిరిపోయాడు.

"ఏమైంది మేడం? లోపల ఎవరన్నా ఉన్నారా?"

అతని టార్చి నా ముఖం మీద ఉంది. ఒక్క మాట చెబితే చాలు, పదిమంది దిగేవాళ్ళు.

"ఎవరూ లేరు" అన్నాను. "మూత వెయ్యి."

ఎందుకలా అన్నానో చెప్పమంటే చెప్పలేను. భయం అంటే అబద్ధం కాదు, కానీ అదొక్కటే కాదు. లోపలున్నది మావాడే అయితే, నిన్న నా చేత్తో నేను చేసింది ఏంటి? అది ఒప్పుకోవడం కంటే మూత వేయించడం తేలికనిపించింది. ఒక్కో బోల్టు బిగుస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను. బిగించడం అయ్యాక పెద్దాయనకి ఫోన్ చేసి, తనిఖీ అయిపోయింది, ట్యాంకు బాగానే ఉంది, నింపేస్తానని చెప్పాను. "నీ మాట చాలమ్మా" అన్నాడు ఆయన.

పైకొచ్చేసరికి కంట్రోల్ రూం కిటికీలోంచి ఎండ పడుతోంది. వాడు నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా తాళం తీశాను. రెండుసార్లు చెవి చేతిలోంచి జారిపోయింది. పెట్టెలోంచి వాల్వు చెవి తీసి, దాని చోట పెట్టి, అక్కడే ఆగిపోయాను. తిప్పలేకపోయాను. గుమ్మం పక్కన గొట్టం నిశ్శబ్దంగా ఉంది. కింద చీకట్లో వాడు ఊపిరి బిగబట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడేమో అనిపించింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి.

చల్లటి చెయ్యి ఒకటి నా చేతిని మెల్లగా పక్కకి జరిపింది. నేను జరగనిచ్చాను.

వాడు వాల్వు తిప్పాడు. ఎప్పుడూ నేర్పని పని, ఏ తడబాటూ లేకుండా చేశాడు. గొట్టం బుస కొట్టడం మొదలుపెట్టింది. తెర మీద అంకెలు పెరుగుతున్నాయి. వాడు తెర వైపు చూడ్డం లేదు. నా వైపే చూస్తున్నాడు, జాలిగా, జబ్బుపడ్డ మనిషిని చూసినట్టు.

కింద నేను విన్నది నేను ఎవరికీ చెప్పలేదు. వాడికి అసలే చెప్పలేదు.

"ఇంక పిలవడులే, వదినా" అన్నాడు.

ఎవరు అని నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తాడేమోనని భయమేసింది.